చూడి గొర్రె ఉపవాసం

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఇరవై ఏళ్లు నిండిన విశ్వాసికి తెలియనిదంటూ ఉండేది కాదు. నాకైతే మరీను. ఆదివారం బడిలో వాక్యం చెప్పేవాణ్ణి, మిగతా ఆరు రోజులూ పత్తికొండ పశువుల ఆసుపత్రిలో మందులు నూరేవాణ్ణి. కాబట్టి ఆత్మల సంగతీ గొర్రెల సంగతీ రెండూ నాకే తెలుసని నా నమ్మకం. (ఆ నమ్మకంలో ఇంకెవరికీ భాగం లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.)

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యమో జొన్నలో తీసినప్పుడల్లా ఒక పిడికెడు గుడి కోసం వేరే కుండలో వేసేవాళ్లు. వారానికోసారి వాటిని పోగుచేసే పని నాది. వానలు ముఖం చాటేసిన ఆ ఏడు, ఈస్టరు పండుగకు ముందు వచ్చే శ్రమకాలం మొదట్లో, అందరూ గొర్రెవ్వ అని పిలిచే ఒంటరి ముసలామె గుడిసెకు పోతే కుండ ఖాళీ. మంద అంతా కరువుకు పోగా ఆమెకు మిగిలింది ఒక్క చూడి గొర్రె. దాని పిల్ల బతికితేనే మళ్లీ మంద. అందుకని తాను అంబలి తాగి, దానికి మాత్రం రోజూ పిడికెడు నూనె తీసిన వేరుశనగ చెక్క పెడుతోంది. నా కళ్లు ఆ చెక్క మీద పడ్డాయి.

అంతకు ముందు వారమే మా డాక్టరు గారు నాకు కడుపులో పిల్లను తల్లితో కలిపి ఉంచే మావి గురించి చెప్పాడు. గొర్రె తిన్న చెక్కలోని మాంసకృత్తులు కడుపులో కరిగి అమైనో ఆమ్లాలుగా నెత్తురులో కలుస్తాయట. మావి వాటిని పట్టి పిల్లకు అందిస్తుందట. తల్లికి మేత తగ్గితే తల్లి కండే కరిగి పిల్లకు చేరుతుందట. "అయితే" అని ఆయన ఇంకేదో మొదలుపెట్టాడు. నేను అప్పటికే దేవుని ఏర్పాటుకు స్తోత్రం చెబుతూ లేచిపోయాను.

ఆ సగం పాఠాన్ని అవ్వ గుమ్మంలో నిండు ప్రసంగం చేశాను. గర్భంలో పోషించేవాడు ఆయనే, మావి పని మావి చేసుకుంటుంది, ఈ నలభై దినాలు చెక్క మానిపించి గుడికిస్తే అది గొర్రె చేసిన ఉపవాసం అన్నాను. అవ్వ గొర్రె వైపు చూసి, "ఉపవాసమని దానికి తెలుస్తాదా నాయనా?" అని అడిగింది. తెలియాల్సింది మనకు అన్నాను. గుడికిచ్చిన చెక్క మా పాస్టరు అయ్యగారి ఎనుముకు చేరింది. (ఆ పండుగకు అయ్యగారి ఇంట్లో మజ్జిగ చాలా చిక్కగా ఉండింది. నేను రెండు గ్లాసులు తాగాను.)

పండుగ అయిన వారానికి గొర్రె ఈనింది. పిల్ల గుప్పెడంత. లేవలేదు. తల్లి పొదుగులో చుక్క పాలు లేవు. పరుగున పోయి డాక్టరు గారిని పిలుచుకొచ్చాను. ఆయన రాలిపడిన మావిని నీళ్లతో కడిగి, దాని మీది చిన్న చిన్న బొడిపెలు చూపించాడు.

"ఇదీ ప్రాణమున్న కండేనప్పా. వచ్చిన దాంట్లో ముందు ఇది తింటాది, కొంత తనలోనే మార్చి, మిగిలింది పిల్లకు పంపుతాది. తల్లి శానా చిక్కిపోతే ఇదీ చిక్కిపోతాది. ఆ పొద్దు చెప్పబోయింది ఇదే, నువ్వు నిలబడ్తివా?"

మూడో రోజు పొద్దున పిల్ల అవ్వ ఒళ్లోనే పోయింది. ప్రార్థన చెయ్యమంది. నోరు తెరిస్తే అరగంటకు తగ్గని నాకు ఒక్క మాట రాలేదు. ప్రార్థనకు ఆమే కళ్లు మూసుకుంది.

"తండ్రీ, దీని నోటికాడ కూడు తీసి నీకు పెట్టినా. తప్పు నాదే. ఈ అబ్బోన్ని ఏమీ అనాకు."

తప్పు ఎవరిదో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆమెతో చెప్పే ధైర్యం మాత్రం ఆమె బతికినన్నాళ్లూ నాకు రాలేదు. ఇప్పుడు సంఘంలో అందరికన్నా పొట్టి ప్రార్థన నాది. ముసలాయనకు ఊపిరి చాలడం లేదని వెనక కూర్చునే కుర్రాళ్లు జాలిపడతారు, లోలోపల సంతోషిస్తారు కూడా.