బొల్లిగాడితో మాచర్ల దాకా

"కోటేశు పెంచిన కుక్కనన్నా తెచ్చి నా కళ్ళ ముందు పెట్టమని చెప్పు మా తమ్ముడికి." మాచర్ల నుంచి మా అంకమ్మక్క పంపిన కబురు ఇది. తెచ్చినాయన మిరపకాయల వ్యాపారి. మాట చెప్పి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

కోటేశు అక్కకు ఒక్కడే కొడుకు. నరసరావుపేటలో మా ఇంట్లో ఉండి బియ్యం మిల్లులో పనిచేసేవాడు. వీధిలో దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. ముఖాన తెల్లమచ్చ ఉందని దానికి బొల్లిగాడని పేరు పెట్టి, తన కంచంలోదే పెట్టి పెంచాడు. యుద్ధం వచ్చాక పటాలంలో చేరి, కుక్కను నాకు అప్పగించి, బర్మా వైపు వెళ్ళాడు. ఆ ఏడు శివరాత్రి దాటాక, వాడు లేడని అక్కకు తంతి వచ్చింది. ఎక్కడ పోయాడో, ఎట్లా పోయాడో అందులో లేదు. శవం లేదు, చితి లేదు. వాడు పెంచిన ఈ ప్రాణి ఒకటి మాత్రం ఉంది.

అప్పుడు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. నేనొక డాక్టరు గారి దగ్గర కాంపౌండరును. ఎండ దెబ్బ తిన్నవాళ్ళను రోజూ చూస్తున్నాను. నాలుగు చినుకులు పడ్డాక తీసుకొస్తానని చెప్పి పంపాను. "అప్పటిదాకా నేనుంటానో లేదో" అని బదులు వచ్చింది. ఇక ఆగలేదు.

తెల్లవారుజామున పిడుగురాళ్ళ బస్సు ఎక్కాము. అక్కడి నుంచి మాచర్లకు సాయంత్రం రైలుంది. యుద్ధపు రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సు వెనక పెద్ద పొయ్యి కట్టి బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్ళు. కుక్క ఉందని మమ్మల్ని చివరి బల్ల దగ్గర, ఆ పొయ్యి పక్కనే కూర్చోబెట్టారు. సీసాలో నీళ్ళు, ఒక గిన్నె, చెంచా, తుండుగుడ్డ సంచిలో పెట్టుకున్నాను. ఆ దారిన మూగజీవాన్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇంతకు రెట్టింపు నీళ్ళు పట్టుకెళ్ళాలి.

పక్కన నకరికల్లు రైతు ఒకాయన కూర్చున్నాడు. బొల్లిగాడి తల నిమిరి, "కుక్కను ఊరు దాటిస్తే నిలవదు కాంపౌండరా. మళ్ళీ నీ గుమ్మం ముందుకే వచ్చుద్ది" అన్నాడు.

"ఇది పెంచినోడి ఇంటికే పోతోంది."

"పెంచినోడు ఉండాడా?"

"లేడు."

ఆయన చెయ్యి తీసేసి, నకరికల్లులో దిగేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు.

నకరికల్లులో నేను ఇడ్లీ తిన్నాను. బొల్లిగాడికి పెరుగన్నం కలిపి పెడితే తిన్నది. ఊరు దాటి ఎత్తు ఎక్కేచోట బస్సు నిలిచిపోయింది. పొయ్యి మళ్ళీ రాజేసేదాకా ఎండలో దిగి నిలబడ్డాము. మగవాళ్ళమంతా రెండుసార్లు తోశాము. చుట్టూ నీడనిచ్చే చెట్టు లేదు. కోసేసిన జొన్నచేల మోళ్ళు, నాపరాళ్ళ గట్లు, ఆ రాళ్ళ మీద నుంచి కొట్టే వేడి. బొల్లిగాడు బస్సు కింద నీడలో పడుకుని, నాలుక బారెడు బయట పెట్టి ఒగర్చింది. బస్సు కదిలిన కాసేపటికి తిన్నదంతా కక్కింది. ఆ తరువాత విరేచనాలు పట్టుకున్నాయి. ముందు బల్లల వాళ్ళు ముక్కులు మూసుకుని విసుక్కున్నారు. తుండుగుడ్డతో తుడిచాను. సీసాలో నీళ్ళు తాగించాను. తాగినవి తాగినట్టే బయటికి వచ్చేశాయి.

పిడుగురాళ్ళ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషను రేకుల కింద దాన్ని పడుకోబెట్టి పరీక్షగా చూశాను. పెదవి ఎత్తితే చిగుళ్ళు తడి లేకుండా, జిగురు పూసినట్టు వేలికి అంటుకున్నాయి. లాలాజలం దారాల్లా సాగుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. మెడ వెనక తోలు రెండు వేళ్ళతో ఎత్తి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న కుక్కకైతే అది వదలగానే సర్దుకుంటుంది. దీనికి మడత వేసిన గుడ్డలా అక్కడే నిలబడి, మెల్లగా, అయిష్టంగా దిగింది. కలరా రోగుల చేతుల మీద నేను చూసిన మడత అదే. కుక్క ఒంట్లో నీరు ఇంకిపోయింది.

స్టేషను బయట చలిపందిరి ఉంది. ఒక పెద్దావిడ దోసిళ్ళలో నీళ్ళు పోస్తోంది. ముందు చాలామంది నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చాక గిన్నె పట్టి, కుక్క కోసమని చెప్పాను.

"బావులు ఎండి మడుసులకే చాలక చస్తంటే, కుక్కకు పొయ్యమంటావా?" అన్నది. ఆవిడ తిట్టలేదు. కుండలో అడుగు చూపించి అడిగింది, అంతే.

గిన్నె పట్టుకునే నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో జరగమన్నారు. ఆవిడ నా ముఖం చూసి, "నీ వాటా నీకు పోస్తా. దాన్ని నువ్వే తాగుతావో, ఎవరికి పోసుకుంటావో నాకు తెలవదు" అని గిన్నె నింపింది.

హోటల్లో అడిగి చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క తెచ్చి ఆ నీళ్ళలో కలిపాను. వాంతులవుతున్న కుక్కకు గిన్నె ముందు పెట్టి తాగనివ్వకూడదు. ఆత్రంగా తాగి మళ్ళీ కక్కుతుంది. తల ఎత్తి గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడ పక్కన పెదవి కొంచెం లాగి, చెంచాడు పోసి, మింగాక ఆగి, మళ్ళీ చెంచాడు పోయాలి. అట్లాగే చేశాను. గుడ్డ తడిపి పొట్ట మీద, పాదాల కింద అద్దాను. కొన్ని చెంచాలు నిలిచాయి. అది తోక చివర కొద్దిగా కదిపింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సాయంత్రం మాచర్ల బండి వచ్చింది. కుక్కకు వేరే టిక్కెట్టు తీసుకుని, గార్డు పెట్టెలో ఉండే ఇనప గదిలో పెట్టాలి. పొద్దంతా ఎండలో కాగిన ఆ గదిలో చెయ్యి పెడితే కాలింది. గార్డు సాయెబు గారు, పెద్దాయన. కుక్కను ఒకసారి చూశారు.

"రూలు ప్రకారం లోపల పెట్టాలి. తలుపు మాత్రం నేను వెయ్యను. నువ్వు కూడా ఈడే నేల మీద కూర్చో" అన్నారు.

తడిగుడ్డ పరిచి, దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నడికుడి దాటాక మళ్ళీ వాంతి అయింది. గురజాలలో బండి ఆగినప్పుడు ఆయన తన కూజాలో నీళ్ళు సగం నా గిన్నెలో పోశారు.

"మాచర్లలో పశువుల డాక్టరు దొరుకుతాడా అండీ?"

"దొరికితే నీ అదృష్టం. ఈ ఎండల్లో గొడ్లు పడిపోతున్నయ్యి. ఊళ్ళ మీద తిరుగుతా ఉంటాడు."

మా డాక్టరు గారు కలరా రోగులకు ఉప్పునీళ్ళు సూదితో ఎక్కిస్తారు. కుక్కకైతే తోలు కింద ఎక్కించవచ్చని ఆయన ఒకసారి చెప్పగా విన్నాను. ఆ సీసాలు నరసరావుపేటలో బీరువాలో ఉన్నాయి. నేను రెంటచింతల దగ్గర రైల్లో, చేతిలో చెంచాతో ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు మాచర్లలో దిగాము. పశువుల డాక్టరు ఇంటికి వెళ్తే, వేరే ఊరు వెళ్ళాడు, రేపు సాయంత్రానికి గాని రాడని చెప్పారు. కుక్కను భుజాన వేసుకుని ఊరి చివర అక్క ఇంటికి నడిచాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బావ పోయినప్పటి నుంచి నాపరాళ్ళ గనిలో కూలికి వెళ్ళి బతికిన మనిషి. ఎముకల గూడులా ఉంది. కుక్కను నా భుజం మీద నుంచి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఏందిరా ఇట్టా ఉంది?"

చెప్పాను. కుండలో ఉన్న మంచినీళ్ళన్నీ గిన్నెలోకి వంచింది. మైలు దూరపు వాగు ఇసుకలో చెలమ తోడి తెచ్చుకున్న నీళ్ళవి. పలచగా జావ కాచి వడకట్టి, ఉప్పు వేసి చల్లార్చింది. చెంచా నా చేతిలోంచి లాక్కుంది. "ఎట్టా పొయ్యాలో చెప్పు" అన్నది. చూపించాను. బొల్లిగాడు మింగింది. ఈసారి కక్కలేదు. ముక్కు అక్క అరచేతిలో పెట్టి వాసన చూసింది.

"తాగుతోందిరా. బతుకుద్దిరా."

బస్సు దిగినప్పటి నుంచి అది మూత్రం పోయలేదు. నీళ్ళు లోపలికి పోతున్నా బయటికి రాకపోతే మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నమాట. కుక్క నీరసించినప్పుడు ఎంత తాగిందని అందరూ చూస్తారు. మూత్రం వస్తోందా అని కూడా చూసుకోవాలి. ఆ మాట అక్కతో అనలేదు.

తెల్లవారి పిచుకలు అరిచే వేళకు దాని ఒళ్ళు చల్లబడింది. అక్క చెంచా పెదవి దగ్గర పెట్టింది. నీళ్ళు ఒక పక్క నుంచి కారిపోయాయి. ఇంకో చెంచా పోసింది. అదీ కారింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

అక్క చెంచా కింద పెట్టింది. తరువాత, పొరుగావిడతో మాట్లాడినంత మామూలుగా అన్నది.

"ఇది నా చేతి నీళ్ళు తాగి పోయింది. వాడికి ఎవురన్నా పోశారో లేదోరా."

పలుగు తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను. నేల రాయిలా ఉంది. గొయ్యి పొద్దెక్కేదాకా తవ్వాను. పక్కింటి గనికూలీ ఒకతను వచ్చి సాయం పట్టాడు. పూడ్చాక అక్క ఆ మట్టి మీద నీళ్ళు చల్లలేదు. చల్లడానికి కుండలో చుక్క లేదు. కడవ చంకన పెట్టుకుని వాగు వైపు నడిచింది.

మరునాడు ఉదయం బండికి బయలుదేరాను. నాతో నరసరావుపేట రమ్మంటే రానన్నది. "ఈడ ఉంటే వాడొచ్చినా ఇల్లు తెలుసుద్ది" అన్నది. తంతి వచ్చిన సంగతి ఆమెకు తెలియక కాదు.

రెంటచింతలలో బండి ఆగగానే ఆడవాళ్ళు కడవలతో ఇంజను దగ్గరికి పరుగెత్తారు. డ్రైవరు వదిలిన వేడినీళ్ళు ఆవిర్లు కక్కుతూ పడుతుంటే, చేతులు కాలుతున్నా పట్టుకుంటున్నారు. గురజాలలో మస్తాను అనే సిపాయి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. సెలవు ముగిసి తిరిగి వెళ్తున్నాడు. బర్మా సరిహద్దు నుంచి వచ్చానన్నాడు. కోటేశు సంగతి చెప్పి, అక్క అడిగిన మాటే అతన్ని అడిగాను. ఆ దేశంలో తాగడానికి నీళ్ళు దొరుకుతాయా అని.

"నీళ్ళకేం కొదవన్నా. వాన తెరిపియ్యదు. నెలల తరబడి ఒంటి మీద బట్ట ఆరదు."

"మరి మనుషులు ఎట్లా పోయారు?"

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "తూటాకు పోయినోళ్ళు కొందరే. చానామందికి విరేచనాలు పట్టుకున్నయ్యి. కళ్ళు లోపలికి పోయి, వానలో పడుకునే ఎండిపోయారు. ఆ అడవి దారిలో నడుస్తా, పడిపోయినోడి నోట్లో చుక్క పోద్దామని ఆగితే వెనకోడు తోస్తాడు. ఎవుడి కోసం ఎవుడూ ఆగేది లేదన్నా ఆడ."

పిడుగురాళ్ళలో దిగి బస్సెక్కాను. వెళ్ళేటప్పుడు చూసిన మోళ్ళు, రాళ్ళు, ఎండ అన్నీ అట్లాగే ఉన్నాయి. ఎక్కడా మబ్బు తునక లేదు. రోహిణిలో ఆ దారిన ఎవరూ కుక్కను తీసుకెళ్ళవద్దు. తప్పనిసరి అయితే రాత్రి చల్లబడ్డాక తీసుకెళ్ళండి. మొదటి వాంతికే ప్రయాణం ఆపి నీడ చూసుకోండి. నాకు తెలిసిందల్లా నేను చేశాను. అది చాలలేదు.

ఇంటికి చేరిన వారానికి మాచర్ల వెళ్ళే మనిషి దొరికితే అక్కకు కబురు పంపాను. బర్మా వైపు నుంచి వచ్చిన సిపాయి ఒకతను కనబడ్డాడని, కోటేశు ఉన్నచోట ఎప్పుడూ వానేనట, నీళ్ళకు కొదవ లేదట అని చెప్పమన్నాను. అంతవరకే చెప్పమన్నాను.