మాస్టారి ఫోటోకి దండ

మా రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ కవర్ మీద మా లెక్కల మాస్టారి ఫోటో వేశాం. అందులోని పాటలు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. ఫోటో మాత్రం తిరువూరంతా గుర్తుంది.

ఆయన దగ్గర చదివినవాళ్లకి ఆయనంటే భయం. దాన్నే గౌరవం అనుకునేవాళ్లం. లెక్క తప్పు చేసినవాడి ముక్కు పట్టించి, సరిగ్గా చేసినవాడి చేత చెంప మీద కొట్టించేవారు. ఏడో తరగతంతా నేను దెబ్బలు తిన్నాను. పాడతానని తెలిసి ఒకరోజు బెంచీ ఎక్కించి పాడించారు. క్లాసు పగలబడి నవ్వుతుంటే, "ఈ గొంతేసుకుని బతుకుతావేంట్రా?" అన్నారు. ఆ మాట మర్చిపోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆల్బమ్ నిండా బడి మీద పాటలే చేశాం కాబట్టి కవర్ మీద ఎవరుండాలో నాకు ముందే తెలుసు. ఆయన రిటైరైనప్పటి ఫోటో సంపాదించి, విజయవాడలో పటం కట్టించాను. అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, గంధపు చెక్క దండ వేసి, ముందు అగరొత్తులు వెలిగించి ఫోటో తీశాం. మనిషి బతికే ఉన్నాడు కదా అని మా డ్రమ్మర్ నసిగాడు. అందులోనే ఉంది మజా అన్నాను.

బ్యాండు పేరు మరీ అడుగున వేయడం మా పొరపాటు. ఎవరో ఫోటో వరకే కత్తిరించి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. దండ వేసిన పటం చూశాక పోయారా అని అడిగేవాళ్లెవరు? పూలు పట్టుకుని ఇంటికెళ్లిన పాత స్టూడెంట్లకి ఆయనే తలుపు తీశారట. అది ఫోన్లో విని పడీ పడీ నవ్వాను. తర్వాత తిట్లు మొదలయ్యాయి. కవర్ మార్చమన్నారు, మేం మార్చలేదు.

మా అమ్మ పోరు పడలేక నెల తర్వాత క్షమాపణ అడగడానికి వెళ్లాను. నిజానికి ఆయన మొహం ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. తిడతారనుకుంటే, కూర్చోమన్నారు. ఫోటో గ్రూపుల్లోకి వచ్చిన రోజు ఆయన భార్య విస్సన్నపేటలో చెల్లెలి ఇంట్లో ఉన్నారట. ఫోటో చూసి షేర్ ఆటోలో బయల్దేరారు. ఈయన ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఏడుస్తూ వచ్చి ఎక్కడ పడిపోతుందోనని, ఈయన గేటు దగ్గరే నిలబడ్డారు.

"ఆటో దిగిందిరా. కళ్లల్లో తడి లేదు. ఎంత తేలిగ్గా నడిచొస్తోందో. పెళ్లయినప్పట్నించీ ఆవిణ్ణి అలా చూళ్లేదు నేను. అప్పుడు తలెత్తి నన్ను చూసింది."

ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు.

"నేనంత చెడ్డవాణ్ణా?" అని అడిగారు.

మంచినీళ్లు తెస్తూ ఆయన భార్య వెనక గుమ్మంలోనే ఆగిపోయారు. గ్లాసు చేతిలోనే ఉంది. నా జవాబు ఆవిడకీ కావాలి. కాదండి అనడానికి ఎంతసేపు పడుతుంది?

"అవునండి" అన్నాను.

బస్సెక్కాక చాలా సంతోషంగా అనిపించింది. విజయవాడ చేరేదాకా అలాగే ఉంది.