నాలుగు సీసాలు, ఒకే రంగు

మూత్రం కాచే ఉద్యోగంలో చేరాకే నేను మనుషుల్ని నమ్మడం మానేశాను.

అరవైల నడుమ, ముత్తుకూరు దాటాక ఇసుకలో వేసిన తాటాకు పాకల్లో బర్మా నుంచి వచ్చిన కాందిశీకులు ఉండేవారు. ఆ వరసలో చివరి పాక ఆసుపత్రి. ప్రతి శుక్రవారం నెల్లూరి నుంచి జీపులో డాక్టరు గారు వచ్చేవారు. తక్కిన ఆరు రోజులూ ఆసుపత్రి అంటే నేనే, ఇరవై మూడేళ్ల కాంపౌండర్ని. అది తలుచుకుంటే రోగులకంటే ముందు నాకే జ్వరం వచ్చేది.

చక్కెర జబ్బువాళ్లు నలుగురు. శుక్రవారం పొద్దున్నే తలా ఒక సీసా తెచ్చేవారు. గాజు గొట్టంలో నీలి ద్రావకం పోసి, అందులో వాళ్లు తెచ్చింది ఎనిమిది చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేవాణ్ణి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఎక్కువ. ఇటుక రంగు వస్తే డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

నలుగురిలో ఒక అవ్వ ఉండేది. పుట్టింది తోటపల్లి గూడూరు పక్కనే. పెళ్లయి బర్మా పోయి, ముసలితనంలో కొడుకూ కోడలితో తిరిగొచ్చింది. ఎడమ పాదం మీద పుండు. ఎన్ని కట్లు కట్టినా మానదు. ఆమె సీసా మాత్రం, తక్కిన ముగ్గురివి లాగే, ఎప్పుడు కాచినా నీలమే. రంగు బాగుందని డాక్టరు గారు ఇన్సులిన్ తగ్గిస్తూ పోయారు. పుండు పెరుగుతూ పోయింది.

"ఇట్లాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందయ్యా," అన్నారొకరోజు, నావంక అదోలా చూస్తూ.

కాచకుండానే నీలమని రాసేస్తున్నానని ఆయన అనుమానం. ద్రావకం చెడిపోయిందని నా అనుమానం. మా ఇద్దరికీ ఏమీ రాదని అవ్వ అనుమానం. ముగ్గురిలో కాస్త ఆధారం ఉన్నది అవ్వకే.

ఆ సాయంత్రం ద్రావకంలో చిటికెడు గ్లూకోజు పొడి వేసి కాచాను. క్షణంలో ఇటుక రంగు. ద్రావకం నిర్దోషి. మర్నాడు కట్టు మార్చడానికి అవ్వ పాకకు వెళితే, వెనక తడిక చాటున ఆమె ఒంటికి వెళ్లే చోట చీమలు బారులు తీరి ఉన్నాయి. చీమలకు రేషన్ కార్డు లేదు. అబద్ధమాడితే వాటికి ఒరిగేదేమీ లేదు.

"అవ్వా, నువ్వు తెచ్చే సీసా నీదేనా?"

"నాది కాక నీ అత్తదా?"

నాకింకా పెళ్లి కాలేదు. అందుకని ఆ వాదన అక్కడితో ఆగింది.

తరువాతి శుక్రవారం డాక్టరు గారి ముందే నాలుగూ వరసగా కాచాను. మొదటిది ఇటుక రంగు. రెండోది, మూడోది, అవ్వది, అన్నీ ఇటుకే. గొట్టాల స్టాండులో గోడ కట్టినట్టుంది. డాక్టరు గారు కళ్లజోడు తీశారు గానీ తుడవడం మరిచిపోయారు.

"నలుగురికీ ఒకేసారి నీలం పోయి ఇటుకా? ఎవరిదిది?" అన్నాను.

నలుగురూ మెల్లగా వెనక్కి తిరిగారు. గుమ్మం దగ్గర, పడవను ఒంటిచేత్తో తోస్తాడని పేరున్న వస్తాదు నిలబడి ఉన్నాడు.

"నాదే సార్. నలుగురికీ ఎప్పుడూ ఇచ్చేటాయన కోవూరికి నాట్లకు పోయినాడు. నాకేం రోగం, నాది తీసుకోండని ఇచ్చినా."

అవ్వ అతని మీదికి లేచింది. "నీకు సక్కెర ఉంటే ముందే చెప్పబళ్లేదంట్రా? నమ్మి తీసుకుంటే నలుగురి కొంప ముంచినావు గదరా!"

"నాకు మాత్రం తెలుసా అవ్వా!" అంటూ వస్తాదు గుమ్మం పక్క బల్ల మీద కూలబడ్డాడు. ఆ బల్ల అతని బరువుకూ వార్తకూ కలిపి విరిగింది.

"ఎందుకమ్మా ఇట్లా చేశావు?" అన్నారు డాక్టరు గారు.

"ఓడ ఎక్కేముందు రేవులో కూడా ఇట్టనే గొట్టంలో కాంచినారయ్యా. మా ఆయనది ఎర్రగా వచ్చినాది. 'ఇతను తరవాత ఓడలో వస్తాడు, మీరు పోండి' అన్నారు. ఇంకా వస్తానే ఉండాడు. మా కాడ అప్పుట్నించీ ఎర్రది ఎవురూ చూపించరు. నన్ను నెల్లూరికి పంపించి, నా బిడ్డల్ని ఇంకో ఊరికి తోలేస్తే?"

శిబిరం జాబితా తెచ్చి కొడుకు పేరు, కోడలి పేరు, ఆమె పేరు మూడుసార్లు చదివి వినిపించాను. ఆమె లేకుండా వాళ్లను కదిలించనని డాక్టరు గారు కాగితం మీద రాసి సంతకం చేశారు. అక్షరం రాని అవ్వ ఆ కాగితాన్ని తిరగేసి వెనకవైపు కూడా చూసి, కొంగున ముడేసుకుని జీపెక్కింది.

నెల్లూర్లో రెండు కాలివేళ్లు పోయాయి. పాదం నిలిచింది. నెల తిరక్కుండా అవ్వ శిబిరానికి వచ్చేసరికి కొడుకూ కోడలూ అదే పాకలో ఉన్నారు. లోపలికి వెళ్లి ఇద్దరినీ తడిమి చూసుకుందట.

ఆ శుక్రవారం కర్ర పట్టుకుని ఆసుపత్రికి నడిచొచ్చింది. సీసా కొంగు చాటున ఉంది గానీ ఇవ్వదు.

"ముందు నీది కాంచబ్బయ్యా. చూస్తాను."

చేసేదేముంది, తడిక చాటుకు వెళ్లొచ్చి నాదే కాచాను. నీలం. అవ్వ గొట్టాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, నా మొహంలోకి చూసింది.

"నిజం చెప్పు. ఎవురిది ఇది?"