షోరూమ్‌లో చెప్పాల్సిన మాట

జగ్గయ్యపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ చిల్లకల్లు దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉంది. ఏదో స్తోత్రం చదువుకుంటోంది అనుకున్నాను. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, “అక్కా, మీరు షోరూమ్ మేనేజర్ అనుకుని నన్నో మాట అడుగుతారా?” అంది.

వాళ్లది సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే టిప్పర్. లోడుతో బండి సరిగా లాగట్లేదని ఆమె భర్త బయటి మెకానిక్ చేత ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించాడు. బండి పరిగెత్తింది గానీ ఇంజిన్‌కి గాలి తోసి బలమిచ్చే టర్బో పోయింది. వారంటీ ఇంకా ఉంది గానీ, బయట మార్పించారని తెలిస్తే చెల్లదు. ఆడమనిషినైతే గుచ్చి గుచ్చి అడగరని ఈమెను బెజవాడ షోరూమ్‌కి పంపుతున్నాడు.

“బండిలో ఏమన్నా మార్పించారా?” అని అడిగాను.

“లేదండి. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉందండి.”

తడబడకుండానే చెప్పింది. చేతులు మాత్రం పైట కొంగును మెలిపెడుతున్నాయి. మళ్లీ అడిగించుకుంది. మళ్లీ అంతే.

“వాళ్ల కంప్యూటర్ తగిలిస్తే తెలిసిపోదా అక్కా?”

“తెలుస్తుందనే అనుకుంటా” అన్నాను.

నందిగామలో దిగడానికి నేను లేస్తుంటే, “ఇంకొక్కసారి అడగండి” అంది.

అడిగాను.

“మార్పించామండి. దానివల్ల పోయిన టర్బో మేమే వేయించుకుంటాం. సెట్టింగులు మళ్లీ మామూలుగా పెట్టండి. మిగతా బండికి మాత్రం వారంటీ తీసెయ్యకండి.”

చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

షోరూమ్ వాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. ఇప్పటికీ రాయి లోడుతో మెల్లగా పోయే టిప్పర్ వెనక మా బస్సు చిక్కుకుంటే అందరూ విసుక్కుంటారు. అది మళ్లీ మామూలుగా మారిన వాళ్ల బండైతే బాగుండునని నేను అనుకుంటాను.