ఇంజన్ జోరు తగ్గించినప్పుడు

చిన్న విమానాన్ని పైకి ఎక్కించడం కంటే, ఎక్కాక కుదురుగా నడపడం నేర్పడమే నాకు కష్టం. అనుకున్న ఎత్తు చేరాక ముక్కు దించాలి. వేగం పుంజుకునేదాకా ఓపిక పట్టి, థ్రాటిల్ వెనక్కి లాగి ఇంజన్ జోరు తగ్గించాలి. తర్వాత ఎర్ర నాబ్‌ను కొద్దికొద్దిగా లాగుతూ ఇంజన్‌లోకి వెళ్లే ఇంధనాన్ని తగ్గించాలి. ఇంజన్ గరగరలాడగానే మళ్లీ కాస్త లోపలికి నెట్టాలి. దీన్నే క్రూయిజ్ పవర్ పెట్టడం అంటాం. కొత్త విద్యార్థులు ఎత్తు చేరిన సంబరంలో ఇదంతా మరచి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. నేను కసురుకుంటాను, కిందికి దిగాక టీ తాగిస్తాను.

మా నాన్నను, బాపును, ఎక్కించిన రోజు మాత్రం పాఠం తలకిందులైంది.

బాపు తెలంగాణ నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచీ సాంచెల మీదే పనిచేశాడు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. ఆయనకు చెవులు మందగించాయని మాకు తెలుసు. ఆ మోతలో బతికినవాళ్లలో ఎవరికి మందగించలేదు గనక! అమ్మ ఆయనతో సగం చేతులతోనే మాట్లాడేది. కార్ఖానాలో అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు కాబట్టి, ఆ అలవాటే సూరత్‌లో డిండోలి పేటలోని మా ఇంటిదాకా వచ్చిందనుకున్నాను.

శిక్షణ కోసం దూరంగా ఉన్నప్పుడు ఫోన్ చేస్తే, అమ్మ కాసేపు మాట్లాడి బాపుకు ఇచ్చేది. నేను గలగలా చెప్పుకుంటూ పోయేదాన్ని. ఆయన చివర్లో "మంచిది బిడ్డా, పైలం" అని జాగ్రత్త చెప్పేవాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరానని చెప్పినప్పుడూ అదే మాట, పరీక్ష తప్పానని ఏడ్చినప్పుడూ అదే మాట. ఎంత నిబ్బరమైన మనిషో అని మురిసిపోయాను.

సూరత్‌లోనే విమానం నడపడం నేర్పే ఉద్యోగం దొరికి తిరిగొచ్చిన కొత్తలో ఆయన్ని తీసుకెళ్లాను. పెళ్లికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. హెడ్‌సెట్ పెట్టబోతే బుద్ధిగా తల వంచాడు. తాపీ నది కిందికి జరిగిపోతుంటే ఆయన ముఖం చూసి నా కడుపు నిండిపోయింది.

ఎత్తు చేరాం. ముక్కు దించి, థ్రాటిల్ లాగాను. కాళ్ల కింద అదురు తగ్గింది. బాపు ఒక్క ఉదుటున నా చేతి మీద పడి థ్రాటిల్‌ను మొత్తం లోపలికి తోశాడు.

"బందైతున్నది బిడ్డా! మిషిని బందైతున్నది!"

కార్ఖానాలో అదురు తగ్గిందంటే కరెంటు పోయినట్టో, బెల్టు తెగినట్టో లెక్క. ఆ కంగారే ఆయనది.

"ఏం కాలే బాపూ, నేనే తగ్గించిన" అన్నాను. ఆయన కళ్లు ప్రొపెల్లర్ మీదే ఉన్నాయి. మళ్లీ చెప్పాను. చివరికి అరిచాను. హెడ్‌సెట్‌లో నా చెవులే గింగురుమన్నాయి. బాపు మాత్రం రెప్ప కూడా ఆడించలేదు.

మందగించడం కాదు, అసలేమీ వినపడటం లేదు. ఫోన్‌లో ఆయన నా ఏడుపు వినలేదు. పక్కనుంచి అమ్మ సైగ చేసినప్పుడు ఆ రెండు మాటలూ అనేవాడు, అంతే. ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. కానీ విమానం మళ్లీ పైకి ఎగదన్నుతోంది, కోపానికి తీరిక లేదు.

ఆయన చేతిని థ్రాటిల్ మీదే ఉంచి, పైన నా చెయ్యి వేశాను. మెల్లగా లాగాను. ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. నేను వదల్లేదు. అదురు తగ్గి, ఒకచోట నిలిచింది. ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది. విమానం పడిపోలేదు. ఎర్ర నాబ్‌ను కూడా అలాగే ఇద్దరం కలిసి సరిచేశాం. అప్పటికి ఆయన వేళ్లు వదులయ్యాయి.

బాపు నా వైపు తిరిగాడు. నా చెంపల మీది తడి చూసి, నాకు తెలిసిపోయిందని గ్రహించాడు.

"మొత్తానికే ఇనపడ్తలేదని చెప్తే చదువు ఇడిశిపెట్టి ఇంటికొస్తవని చెప్పలే" అన్నాడు. "మీ అమ్మను గూడ చెప్పనియ్యలే."

నేను తల ఊపాను.

"నీ చిన్నప్పటి గొంతు యాదికున్నది బిడ్డా. గిప్పుడెట్లున్నదో ఎర్క లేదు."

అప్పుడే రేడియోలో ఎయిర్‌పోర్టు టవర్ మమ్మల్ని పిలిచింది. బాపు నా పెదవులనే చూస్తున్నాడు. నేను ఆయన వైపే తిరిగి, పెదవులు మెల్లగా కదుపుతూ వాళ్లకు జవాబిచ్చాను.