చెయ్యి చాపితే సుత్తి

మిర్యాలగూడలో ఎరువుల దుకాణం నడిపే దామోదర్‌కు ఉన్నది ఒకటే పిచ్చి. కారులో కూర్చున్న మనిషి కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే సుత్తి తగలాలి. తగలలేదా, ఆ కారు కదలదు.

సుత్తి అంటే మేకులు కొట్టేది కాదు. జానెడు ఎర్రటి పిడి, కొసన ఉక్కు మొన, పిడిలోనే సీటు బెల్టు కోసే బ్లేడు. కారు నీళ్ళల్లో పడ్డా, తలుపులు బిగుసుకున్నా అద్దం పగలగొట్టుకుని బయటపడటానికి. జాగ్రత్తపరులు కొందరు దాన్ని కొని, భద్రంగా డిక్కీలో పెడతారు. ఆ మాట వింటే దామోదర్‌కు ఒళ్ళు మండేది.

"డిక్కీల ఎందుకు? ఇంట్ల బీరువాల పెట్టి తాళమెయ్యరాదు?"

మాటలో న్యాయం లేకపోలేదు. వాడపల్లి దగ్గర, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, పుట్టి పడవ నడిపేవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? నీళ్ళు తోడే డబ్బా కాలి దగ్గరే ఉంటుంది. అన్నం మూట ఎక్కడున్నా ఫరవాలేదు గానీ డబ్బా మాత్రం అక్కడే. లోకంలో నీటి మీద బతికినవాళ్ళందరికీ ఈ తెలివి ఉంది. తారు రోడ్డు మీద బతికేవాళ్ళకే లేదని దామోదర్ దిగులు.

ఆయన కారులో నాలుగు సీట్లకు నాలుగు సుత్తులు, ఎరువుల బస్తాలు కుట్టే సుతిలి తాడుతో కట్టి ఉండేవి. ఎవరెక్కినా తాళంచెవి తిప్పే ముందు ఆజ్ఞ అయ్యేది: "కండ్లు మూసుకోన్రి. ముట్టున్రి." ఎక్కినవాళ్ళు "ముట్టిన" అనాలి. ఒకసారి పక్కింటి కృపారాణి టీచర్ సూర్యాపేటలో పరీక్షల డ్యూటీకని ఎక్కింది. కళ్ళు మూసుకుని అటూ ఇటూ తడిమింది.

"ముట్టిన సార్."

"అది నా చెవి టీచరమ్మా."

"అదే, సుత్తె మెత్తగున్నదేందా అనుకున్న."

ఇంకోసారి సొంత కారు మరమ్మతులో ఉండి, భద్రు ఆటో ఎక్కాడు. "సుత్తె ఏడ పెట్టినవ్?" అన్నాడు కూర్చుంటూనే. భద్రు వెనక్కి తిరిగి ఎగాదిగా చూశాడు. "సార్, నా ఆటోకు తలుపు లేదు, అద్దం లేదు. దేన్ని పగలగొడ్తవ్? నన్నా?" దామోదర్ కాసేపు ఆలోచించి, "అందుకే ఆటో అంటె నాకు గౌరవం" అన్నాడు.

పెళ్ళయినా, గృహప్రవేశమైనా ఆయన కానుక సుత్తే. కోదాడలో బావమరిది సందీప్ కొత్తింటికి వెళ్ళినప్పుడు ఏకంగా పాత సామాన్ల కొట్టు నుంచి కారు అద్దం ఒకటి మోసుకొచ్చి, వరండాలో నిలబెట్టి, సందీప్ మామగారి చేతికి సుత్తినిచ్చాడు. "నడుమ గాదు, మూలకు కొట్టున్రి" అన్నాడు. ఆయన కొట్టాడు. అద్దం జొన్నగింజల్లా రాలింది. వంటవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. సందీప్ భార్య వందన మాత్రం నవ్వాపుకోలేక, "వదినా, అన్నయ్యను ఎట్టా భరిస్తున్నారండీ?" అంది. కానుకగా వచ్చిన సుత్తిని ఆ తర్వాత వంటింట్లో బెల్లం కొట్టుకోవడానికి పెట్టుకుంది.

ఆ ఒక్క మాట దామోదర్ భార్య ఆండాళు గుండెలో ముల్లులా దిగింది. ఊరంతా నవ్వితే నవ్వనీ. పుట్టింటివాళ్ళ ముందు నవ్వులపాలు కావడం వేరు.

ఆండాళుకు వేరే పోరూ ఉంది. కారులో మిగతా మూడు సుత్తులూ తలుపు పైన పట్టుకునే పిడి దగ్గర కదలకుండా ఉండేవి. ఆమె సుత్తి ఒక్కటే ఊరేగేది. మొదట పై పిడి దగ్గరుండేది. తర్వాత భుజం పక్కకు వచ్చింది. ఆపైన నడుము దగ్గరకు, ఇప్పుడేమో ఎడమ మోకాలి పక్కన సీటు అంచుకు.

"ఏందయ్యా, నా సుత్తెకు కాళ్ళొచ్చినయా?"

"గాడనే బాగుంటది. ఇంకోసారి ముట్టు."

అందరికీ ఒకసారైతే ఆమెకు రెండుసార్లు. ఆమెకు విసుగు. అసలే కుడి భుజం సలుపుతోంది. అది ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ మనిషి ఉన్న దవాఖానలన్నీ తిప్పుతాడు. పై అరలో డబ్బాలు ఇంటి పని చేసే యాదమ్మతో దింపించుకుని కాలం గడుపుతోంది.

ఇంతలో సందీప్ పెద్ద కారు కొన్నాడు. కోదాడలో పూజ, వందన వైపు బంధువులంతా వస్తారు. బయల్దేరే ముందు ఆండాళు మొగుణ్ణి నిలబెట్టింది.

"గాడ సుత్తె తీసినవో, మల్ల నీ కార్ల ఎక్క. బస్సులల్ల తిరుగుత."

"తియ్య."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

దామోదర్ మాట నిలబెట్టుకున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితుకుతున్నా, గుమ్మడికాయ పగులుతున్నా చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. నడుమ ఒకసారి మాత్రం "కండ్లద్దాలు పడ్డయి" అంటూ కొత్త కారులో దూరి కాసేపు వెతుక్కున్నాడు. ఆండాళు ఎన్నాళ్ళకో తలెత్తుకుని అందరికీ ప్రసాదం పంచింది.

మోతెలో ఉన్న మేనత్తకు కారు చూపించి రావాలని నలుగురూ బయల్దేరారు. సందీప్ నడుపుతున్నాడు, పక్కన దామోదర్. వెనక కుడివైపు ఆండాళు, ఎడమవైపు వందన. వాన మొదలైంది. మోతె ఇంకా కొంత దూరముందనగా ఒక బర్రె తాపీగా రోడ్డెక్కింది. సందీప్ స్టీరింగ్ తిప్పాడు. కారు జారి, పూలదండతో సహా, పంట కాలువలోకి ముక్కుతో దిగింది.

ఎడమ తలుపులు గట్టుకు ఒరుసుకుపోయాయి. కుడి తలుపులను నీళ్ళు నెడుతున్నాయి. సందీప్ ఉన్న బటన్లన్నీ నొక్కాడు. అద్దాలు ఉలకలేదు, పలకలేదు. నీళ్ళు పాదాలు దాటి పిక్కల దాకా వచ్చాయి.

"అన్నయ్యా! సుత్తి! సుత్తి ఏదండీ?" అని కేక పెట్టింది వందన.

దామోదర్ వెనక్కి తిరిగాడు. దుకాణంలో యూరియా ధర చెప్పినంత నిదానంగా అన్నాడు: "ఆండాళూ, కండ్లు మూసుకో. ముట్టు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి దానంతట అదే మోకాలి పక్కకు పోయింది. సుతిలి ముడి తగిలింది, ఆ వెంటే పిడి.

"ముట్టిన!"

"బెల్టు కోసుకో. ఆ, ఇగ నీ దిక్కు అద్దం, అదే నీళ్ళకు పైనున్నది. నడుమ గాదు..."

"మూలకు! తెలుసు తియ్!" అంటూ ఎడమ చేత్తో ఒక్కటిచ్చింది. అద్దం జొన్నగింజల్లా రాలింది.

నలుగురూ గట్టెక్కాక, ఊపిరి తిరిగీ తిరగకముందే ఆండాళు అందుకుంది. "ఒట్టు తప్పినవ్ గదా!"

"ఎట్ల? తియ్యనన్న, తియ్యలే. పెట్టిన. మన కార్లయి నాలుగూ ఇప్పి ఈ కార్ల కట్టిన."

"మాకేడ కట్టినవ్ బావా?" అన్నాడు సందీప్.

"మీకు పై పిడికాడ. పూల తోరణాల కింద ఉన్నయి, మీరు సూడలే."

వందన కొంగు పిండుకుంటూ అడిగింది. "మరి వదినకొక్కదానికే కింద ఎందుకన్నయ్యా?"

దామోదర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ మామూలుగా చెప్పాడు. "మీ వదిన కుడి చెయ్యి పైకి లేవదమ్మా. దండెం మీద బట్టలు గూడ ఎడమ చేత్తోనే ఏస్తది."

ఆండాళు అతని వైపు తిరిగింది. "తెలిస్తె... అడగొద్దా?"

"అడిగితె లేదంటవ్. నువ్వు ముట్టేటప్పుడు ఏడిదాక అందుతున్నదో సూసుకుంట, కొద్దికొద్దిగ కిందికి దింపిన."

ఆండాళు తడిసిన సుత్తిని కొంగుతో తుడిచి, తన దగ్గరే పెట్టుకుంది.

ఆ వారంలోనే సూర్యాపేటలో ఎముకల డాక్టర్ దగ్గరకు ప్రయాణం. బయల్దేరుతుంటే వందన ఫోన్. "అన్నయ్యా, బెల్లం కొట్టే సుత్తిని కూడా తెచ్చి కారులో కట్టానండీ. చీమలు పడుతున్నాయి, ఏం చెయ్యమంటారు?"

"పట్టనియ్యమ్మా. చేతికందుతే చాలు."

ఫోన్ పెట్టి దామోదర్ తాళంచెవి మీద చెయ్యి వేశాడు. పక్కసీట్లోంచి ఆండాళు ఆపింది.

"ఆగు. అందరినీ ముట్టమంటవ్. నిన్నెవలన్న అడిగిన్రా? కండ్లు మూసుకో."

దామోదర్ కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తాడు. ఏమీ తగల్లేదు. ఆయన సుత్తి సందీప్ కారులోనే ఉండిపోయింది మరి.

"జర కిందికి. ఇంకా జర."

గేరు పక్కన చేతికి తగిలింది. ఎడమ చేత్తో వేసిన వంకరటింకర సుతిలి ముడి.

"ముట్టిన" అన్నాడు.

"ఇంకోసారి ముట్టు" అంది ఆండాళు.