తెర మీద రెండో చెయ్యి

ముందు మా వదిన చెప్పే కథను కొట్టిపారేస్తాను. ఆదిలాబాదులో ఆమె ఇంటికి ఎవరు వచ్చినా చాయ్‌తో పాటు ఆ కథ కూడా పోస్తుంది. "మా ఆడబిడ్డ కంప్యూటర్ల బాసర సరస్వతి వచ్చి కూసున్నది. నేను గుడికి తీస్కపోయి కుంకుమ పెట్టిచ్చిన గదా, గందుకే" అంటుంది. కుంకుమ మాట నిజమే. అది లోపలికి పోయి ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లో ఒక మీట సరిగ్గా దిగదు. కానీ అమ్మవారికి నా ఫైళ్లు దిద్దడం తప్ప వేరే పనే లేదంటే నేను ఒప్పుకోను.

నాతో పాటు కంప్యూటర్ కోర్సు నేర్చుకున్న మా బ్యాచ్ పిల్లలది ఇంకో కథ. వాళ్లకు నేను ఆంటీని. ఆంటీ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసింది, కల వచ్చింది అంటారు. నాకు పగటి నిద్ర అలవాటు లేదు. రాత్రి నిద్రే అంతంతమాత్రం.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. దిష్టి తీస్తామన్నవాళ్లతో, తాయెత్తు కడతామన్నవాళ్లతో కొట్లాడి చుట్టాలను పోగొట్టుకున్న మనిషిని. అందుకే ఎవరి కథా కలపకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు నలభై ఎనిమిదేళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఒకసారి అడిగినవాళ్లు రెండోసారి అడగలేదు.

ల్యాబ్‌లో నాతో పాటు షహనాజ్ పనిచేసేది. మా స్నేహం అంతకంటే పాతది. ఇంటర్ అయ్యాక ఇద్దరం ఒకే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పక్కపక్క మిషన్ల మీద నేర్చుకున్నాం. లైనును కొంచెం లోపలికి జరిపి మొదలుపెట్టాలంటే నేను ట్యాబ్ మీట నొక్కేదాన్ని. ఒక్క దెబ్బకు దూకేది. షహనాజ్ మిషన్‌కు ఆ మీట విరిగిపోయి ఉండేది. అందుకని ఆమె బొటనవేలితో ఖాళీలు కొట్టుకుంటూ పోయేది, రెండేసి చొప్పున. టక్‌టక్. ఆగి పై లైను చూసుకునేది. మళ్లీ టక్‌టక్. తర్వాత మంచి మిషన్ ఇచ్చినా, కంప్యూటర్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

"ఏందే, కోడి గింజలు ఏరినట్టు పొడుస్తవు?" అనేదాన్ని.

"నీ లెక్క దుంకి కాలు ఇరగ్గొట్టుకోను తియ్" అనేది.

కాలేజీవాళ్లు ల్యాబ్ ఎత్తేశారు. మా ఇద్దరి కొలువులూ పోయాయి. డెవాప్స్ నేర్చుకుందామన్నది షహనాజే. ప్రోగ్రాం రాసేది వేరేవాళ్లు. దాన్ని మిషన్ల మీదికి ఎక్కించి, నడిపించి, ఆగిపోతే లేపి నిలబెట్టేది ఈ పని. ఇంట్లో కూర్చొని చేయొచ్చు.

"గీ వయసుల ఎవడిస్తడే మనకు నౌకరి?" అన్నాను.

"టైపు పరీక్ష పాసైతమనుకున్నవా అప్పుడు? జర ధైర్యం చెయ్. ఇద్దరం ఉంటం గదా!"

అది నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరం పేర్లు ఇచ్చాం. క్లాసులు మొదలవకముందే షహనాజ్ పోయింది. గుండె ఆగింది. ఆస్పత్రికి చేరనే లేదు.

నేను ఒక్కదాన్నే వెళ్లి పిల్లల మధ్య కూర్చున్నాను. మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా అన్న అప్పటికే ఫోన్ మీద ఫోన్. "ఎందుకు పరేషాన్ అయితవ్? సామాన్ సదురుకొని ఆదిలాబాద్ వచ్చెయ్. వంటింటి పక్క అర్ర ఖాళీగనే ఉన్నది." అన్న మంచివాడే. కానీ ఆ అర్రలోకి వెళితే మిగతా జీవితమంతా వదినకు కూరగాయలు తరిగిపెట్టే ఆడబిడ్డనే. ఆఖరి పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం, నా ఇల్లు, నా తాళంచెవి.

మాకు జతలుగా సాధన చేయించేవారు. ఇద్దరు రెండు ఇళ్లలో కూర్చొని ఒకే తెరను తెరుచుకోవచ్చు. ఒకరు కొడితే ఇంకొకరికి కనబడుతుంది, వాళ్లూ దిద్దవచ్చు. నాకు జతగా ముందు అనుకున్నది షహనాజ్‌నే. ఆమె పేరు తీసేశారు. ఆంటీతో జత కట్టడానికి ఏ పిల్లా ముందుకు రాలేదు. మా తెరలో రెండో చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది. మధ్యాహ్నాలు ఇంట్లో ఆ తెర తెరుచుకొని ఒక్కదాన్నే సాధన చేసేదాన్ని. వీధిలో ఉల్లిగడ్డల బండి అరుపు తప్ప మనిషి గొంతు వినబడేది కాదు.

ఈ పనిలో కొన్ని ఫైళ్లుంటాయి. వాటిలో ఏది దేని కిందికి వస్తుందో లైను ముందున్న ఖాళీలే చెబుతాయి. అక్కడ ట్యాబ్ నొక్కకూడదు, ఖాళీలే కొట్టాలి. ట్యాబ్ పడితే మొత్తం ఆగిపోతుంది. మా సారు నరేశ్‌కు ముప్పై కూడా నిండలేదు. ఎన్నిసార్లు చెప్పాడో. నా బుర్రకు ఎక్కింది. టైపు మిషన్ మీద పెరిగిన వేలికి ఎక్కలేదు. అది ట్యాబ్ మీదికే పోయేది.

ఒక మధ్యాహ్నం అలాగే ఫైలు ఆగిపోయింది. విసుగొచ్చి, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తెర వంక చూస్తూ కూర్చున్నాను. నా చేతులు గ్లాసు మీద ఉన్నాయి. ఇది గుర్తుంచుకోండి.

అక్షరం పడే చోట మినుకుమనే కర్సర్ గీత తెర మీద కదిలింది. తప్పున్న లైను దగ్గరికి వెళ్లింది. నేను కొట్టిన ట్యాబ్ చెరిగిపోయింది. గీత రెండు అడుగులు జరిగింది. ఆగింది. మళ్లీ రెండు అడుగులు. ఆగింది.

పక్కన ఎవరో పై లైను చూసుకుంటున్నట్టు.

ఫైలు నడిచింది. చాయ్ చల్లారిపోయింది.

ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు అలాగే జరిగింది. ఎప్పుడూ ట్యాబ్ ఒక్కటే దిద్దేది. మిగతా తప్పుల జోలికి వచ్చేది కాదు. "ఎవరు?" అని కొట్టి చూశాను. జవాబు లేదు. భయపడ్డానా అంటే లేదు. ఆ తెరతో మాట్లాడటం మొదలుపెట్టాను, తిట్టడం కూడా. షహనాజ్ పోయాక నా ఇంట్లో నా గొంతు నేను విన్నది అప్పుడే.

అయినా కారణం తెలుసుకోకుండా ఊరుకునే మనిషిని కాను. నరేశ్‌ను అడిగాను. "గా తెరల నువ్వొక్కదానివే ఉన్నవ్ మేడమ్, ఇంకెవ్వరు రాలే" అన్నాడు. తర్వాత, "ట్యాబ్‌ను ఫైళ్లు రాసే ఎడిటర్ ప్రోగ్రామే ఖాళీలు చేస్తది, గదే అయ్యుంటది" అన్నాడు. అతని ముందే ట్యాబ్ నొక్కి చూపించాను. ట్యాబ్ ట్యాబ్‌లాగే ఉంది. మిషన్ మార్చేదైతే ఒక్కసారిగా మారుస్తుంది. రెండు కొట్టి, ఆగి, పై లైను చూసుకొని, మళ్లీ రెండు కొడుతుందా? ఆ టక్‌టక్ సంగతి ఆ బ్యాచ్‌లో ఒక్కరికి కూడా నేను చెప్పలేదు.

"అయితే ఎవడో పోరడు ఆటపట్టిస్తుండు మేడమ్. ఫికర్ చెయ్యకు, బంద్ చేసిన" అంటూ అక్కడికక్కడే ఆ తెరను మూసేశాడు. ఎవరో కనుక్కోమన్నాను గానీ మూయమని నేను అనలేదు.

ఆ సాయంత్రం షహనాజ్ వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. చాటలో బియ్యం ఏరుతూ మొత్తం విన్నది. విని ఒకటే అడిగింది.

"బొటనవేలు ఇంకా గుంజుతున్నదా బిడ్డా దానికి? పోయే ముంగట రోజూ నూనె రాసేదాన్ని."

చాట అందుకొని నేనూ రాళ్లు ఏరాను.

పరీక్ష రోజు పట్టపగలు, ఇన్‌స్టిట్యూట్‌లోనే. ఆగిపోయిన ఫైలు ఒకటి ఇచ్చి నడిపించమన్నారు. అంతా బాగు చేసుకుంటూ వచ్చి, చివర్లో ఒక లైను చేర్చబోతే వేలు ట్యాబ్ మీద పడింది. అలవాటుగా చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురుచూశాను.

గీత అక్కడే మినుకుమినుకుమంటూ ఉంది.

"ఏమైంది మేడమ్? మతికొస్తలేదా?" అన్నాడు నరేశ్.

ఎవరూ రాలేదు. ట్యాబ్ నేనే చెరిపాను. బొటనవేలితో టక్‌టక్. ఆగి పై లైను చూశాను. మళ్లీ టక్‌టక్. నా చెయ్యి అలా కొట్టడం అదే మొదటిసారి.

ఫైలు నడిచింది. ఉద్యోగం వచ్చింది. ఆదిలాబాదులో ఆ అర్రలో వదిన ఉల్లిగడ్డలు ఆరబోసుకుంటోంది. నా ఇంట్లో నేనున్నాను, నా తాళంచెవి నా దగ్గరే ఉంది. రోజంతా ఎక్కడెక్కడి మిషన్లు పడిపోయినా లేపుతుంటాను. వాటి పక్కనున్న మనుషులు ఎవరో నాకు తెలియదు.

ఇద్దరు తెరుచుకునే తెర ఎలా పెట్టాలో ఇప్పుడు నాకు వచ్చు. పని మొదలుపెట్టే ముందు అలాంటిది ఒకటి తెరిచి ఉంచుతాను. అందులో పనికిరాని ఫైలు ఒకటి పెట్టి, కావాలనే ఒక ట్యాబ్ వదిలేస్తాను. సాయంత్రం చూస్తే అది అలాగే ఉంటుంది.

దయ్యాలు లేవని ఎవరూ నాకు చెప్పనవసరం లేదు, అది నాకు ముందే తెలుసు. నాకు తెలియనిది ఒకటే. నాకు పని వచ్చేసిందని ఆ చెయ్యి వెళ్లిపోయిందా, లేక నరేశ్ మూసేసిన ఆ పాత తెర బయటే ఇంకా నిలబడి ఉందా?